రాత్రి మూడింటికి కీచుమనే అలారం, పోపుకు అరిచే అలారం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర 2009లో కట్టిన రెండంతస్తుల ఇల్లు, 2017లో కొన్నారు. నెల రోజులుగా తెల్లవారుజామున మూడింటికి మేడ మీద ఒక స్మోక్ అలారం కీచుమంటోంది. బ్యాటరీ మార్చినా ఆగలేదు. విప్పి సొరుగులో పడేస్తే అక్కడ కూడా అరిచింది. కింద హాల్లో ఉన్నదేమో పోపు పెట్టినప్పుడల్లా ఇల్లంతా లేపుతోంది. ఒక కాంట్రాక్టర్ అన్నీ మార్చడానికి 1,800 డాలర్లు అడిగాడు. సంక్రాంతికి విజయవాడ నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, బేస్‌మెంట్ గదిలో ఉంటారు. ఏవి కొనాలి, ఎన్ని కొనాలి, కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) అనే విషవాయువును పసిగట్టే అలారం నిజంగా అవసరమా అని అడిగారు.

నేను ఈ రాష్ట్రంలో పంతొమ్మిదేళ్లుగా ఇళ్లు కొనేవాళ్ల తరఫున హోమ్ ఇన్‌స్పెక్షన్లు చేస్తున్నాను. అంతకుముందు ఎలక్ట్రీషియన్ దగ్గర నాలుగేళ్లు వైర్లు లాగాను. మనవాళ్ల ఇళ్లు చాలా చూశాను. మంటల్లో కాలిపోయిన అలారం నాకింతవరకు కనబడలేదు గానీ, చీపురుకర్ర దెబ్బకు మూతి పగిలినవి, షవర్ క్యాప్ తొడిగినవి, బ్యాటరీ ఊడదీసి పిల్లల బొమ్మకారులో వేసినవి లెక్కలేనన్ని చూశాను. అలారానికి అసలు శత్రువు వంటింట్లో మనకు పుట్టే విసుగే. అమెరికాలో ఇళ్ల అగ్నిప్రమాదాల్లో పోయేవాళ్లలో దాదాపు ఐదుగురిలో ముగ్గురు అలారం లేని ఇళ్లలోనో, ఉన్నా పనిచేయని ఇళ్లలోనో పోతున్నారు. అందుకే నా లెక్కలో మంచి అలారమంటే ఇంట్లో ఎవరికీ ఊడపీకాలని అనిపించని అలారం. కింద రాసేదంతా ఆ లెక్కతోనే రాస్తున్నాను.

ముందు మూడింటి సంగతి. చలికాలంలో ఇల్లు బాగా చల్లబడేది ఆ వేళకే. చల్లబడితే బ్యాటరీ వోల్టేజి కొద్దిగా పడిపోతుంది. పగలంతా ఎలాగో నెట్టుకొచ్చిన నీరసపు బ్యాటరీ ఆ గంటలో గీత దాటి కిందికి దిగుతుంది, అలారం కీచుమంటుంది. పొద్దున హీటింగ్ పెరిగి ఇల్లు వెచ్చబడగానే నోరు మూసుకుంటుంది. "పొద్దున చూస్తే బాగానే ఉందండీ" అని అందరూ అనేది అందుకే.

మీరు కొత్త బ్యాటరీ వేసినా ఆగలేదంటే అది అడుగుతున్నది బ్యాటరీ కాదు. దించి, తిప్పి, వీపు మీది లేబుల్ చదవండి. తయారీ తేదీ ఉంటుంది. బిల్డర్ పెట్టినవే అయితే 2008 అనో 2009 అనో కనబడాలి. స్మోక్ అలారం ఆయుష్షు తయారైన తేదీ నుంచి 10 ఏళ్లు. మీరు కొన్న రోజు నుంచో, సీలింగుకు బిగించిన రోజు నుంచో లెక్కపెట్టకూడదు. ఇక్కడి అగ్నిప్రమాద ప్రమాణాల సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ తన 72వ నంబరు కోడ్‌లో పెట్టిన గడువు ఇది. కొన్ని మోడళ్లు గడువు దాటాక తామే కీచుమని చెబుతాయి. కొన్ని ఏమీ చెప్పకుండా ఊరికే సీలింగుకు అతుక్కుని ఉంటాయి. రెండో రకమే ప్రమాదం.

"టెస్ట్ బటన్ నొక్కితే మోగుతోంది కదండీ" అంటారు. ఆ బటన్ ముఖ్యంగా చూసేది కరెంటు, సర్క్యూటు, హారన్ బాగున్నాయా అని. లోపలి గదిలో పదిహేనేళ్ల దుమ్ము పేరుకుని, సెన్సర్ మొద్దుబారిందా అన్నది దానికి పూర్తిగా తెలియదు. తాత గట్టిగా దగ్గగలడని చూపు బాగుందని ఎలా అంటాం? ఇదీ అంతే. నెలకోసారి బటన్ నొక్కండి, మంచిదే, కానీ తేదీ దాటాక ఆ మోత చూసి ధైర్యపడకండి.

మీ ఇల్లు 2009ది కాబట్టి అలారాలన్నీ ఒకే సర్క్యూట్ మీద 120 వోల్టుల కరెంటుతో, లోపల ఒక బ్యాకప్ బ్యాటరీతో ఉండి ఉంటాయి. ఒకటి మోగితే అన్నీ మోగుతాయి. మీరు రాసిన "ఇల్లంతా లేపుతోంది" అదే. ఇలాంటి చోట మళ్లీ వైరుతో నడిచేవే పెట్టాలి. బ్యాటరీది తగిలించేసి వైర్లను పైకి తోసేసిన ఇళ్లు చూశాను, అది కోడ్ ఒప్పుకోదు. పాత ఇళ్లలో, అంటే మొదటినుంచీ బ్యాటరీతోనే నడిచే చోట, న్యూజెర్సీలో 2019 జనవరి 1 నుంచి నిబంధన వేరు: ఒకటి, రెండు కుటుంబాల ఇళ్లలో బ్యాటరీ స్మోక్ అలారమైతే పదేళ్ల సీల్డ్ బ్యాటరీ ఉన్నదే ఉండాలి. ఇది మీ మిత్రులెవరికైనా పనికొస్తుందని రాశాను, మీకు వర్తించదు.

ఇప్పుడు పోపు. స్మోక్ అలారాల్లో రెండు జాతులున్నాయి. అయొనైజేషన్ రకంలో అమెరీషియం 241 అనే రేడియోధార్మిక పదార్థం అణుమాత్రం ఉంటుంది. అది లోపలి గాలిలో ఒక సన్నని విద్యుత్ ప్రవాహాన్ని నడుపుతూ ఉంటుంది, పొగ రేణువులు వచ్చి అడ్డుపడితే అరుస్తుంది. కంటికి కనబడని అతి సన్నని రేణువులకు ఇది బాగా స్పందిస్తుంది, కాబట్టి భగ్గున లేచే మంటను ముందు పట్టుకుంటుంది. ఫొటోఎలక్ట్రిక్ రకంలో ఒక కాంతి కిరణం ఉంటుంది. పొగ వచ్చి ఆ కాంతిని చెదరగొడితే మోగుతుంది. సోఫాలోనో పరుపులోనో నిప్పు రాజుకుని గంటల తరబడి కమిలే దట్టమైన పొగను ఇది ముందు పసిగడుతుంది. అర్ధరాత్రి నిద్రలో ఉన్న మనుషులకు ఈ కమిలే పొగ పెద్ద ప్రమాదం.

కాగిన నూనెలో ఎండుమిరపకాయ వేసినప్పుడు పైకి లేచేది సరిగ్గా ఆ అతి సన్నని రేణువుల మేఘమే. అందుకే వంటింటి దగ్గర అయొనైజేషన్ అలారం ఉంటే మీకు పోపు అలారం అవుతుంది. మీ హాల్లోది దించి చూడండి, లేబుల్ మీద రేడియోధార్మిక పదార్థం గురించి ఒక ముక్క రాసి ఉంటుందని నా అనుమానం. పాత బిల్డర్లు చవకని ఎక్కువగా అవే పెట్టేవారు. ఫొటోఎలక్ట్రిక్‌కు పోపు అంత పడదనేమీ ఉండదు గానీ, ఆవిరి పడదు. స్నానాల గది తలుపు తెరవగానే మోగేవి అవే. ప్రెషర్ కుక్కర్ ఆవిరి నేరుగా పోయే దారిలోనూ పెట్టకండి.

కొనేటప్పుడు పెట్టె మీద ఇంకొక్కటి చూడండి. ఇక్కడి స్మోక్ అలారాల ప్రమాణం యూఎల్ 217. దాని ఎనిమిదో ఎడిషన్ ప్రకారం తయారైనవి వంట పొగకూ నిజమైన మంట పొగకూ తేడా పట్టాలి, సోఫాల్లోని పాలీయూరెథేన్ ఫోమ్ కాలితే వచ్చే పొగను వేగంగా గుర్తించాలి. 2024 మధ్య నుంచి తయారయ్యేవి ఈ ప్రమాణానికి లోబడాల్సిందే. అల్మారాలో పాత స్టాకు ఇంకా తిరుగుతూ ఉంటుంది, తేదీ చూసి తీసుకోండి. ఆ వంట పొగ పరీక్ష ఎలా చేస్తారో తెలుసా? ఓవెన్‌లో హ్యాంబర్గర్ ముద్దలు కాల్చి, అలారం తొందరపడి మోగకుండా ఉందా అని చూస్తారు. మన ఇంగువ పోపుతో పరీక్ష ఇంకా ఎవరూ పెట్టినట్టు లేదు. అయినా ఈ కొత్తవి పెట్టిన మన ఇళ్లలో గొడవ బాగా తగ్గింది, నా ఇంట్లో కూడా.

మోడల్ కంటే దూరం ఎక్కువ పని చేస్తుంది. పొయ్యికి పది అడుగుల లోపల స్మోక్ అలారం వద్దు. పది నుంచి ఇరవై అడుగుల మధ్య అయితే ఫొటోఎలక్ట్రిక్‌దే పెట్టండి. బాత్‌రూమ్ తలుపుకు, హీటింగ్ గాలి వచ్చే జాలీకి, ఫ్యాన్ రెక్కల కొసకు మూడేసి అడుగులు వదలండి. గోడకు పెడితే పైఅంచు సీలింగ్ నుంచి పన్నెండు అంగుళాల లోపే ఉండాలి. ఏటవాలు కప్పు అయితే శిఖరానికి మూడడుగుల లోపల, కానీ సరిగ్గా కొసలో నాలుగంగుళాలు వదిలి. ఆ మూలలో గాలి కదలక పొగ ఆలస్యంగా చేరుతుంది. వంటగదిలో ఏదో ఒకటి ఉండి తీరాలనిపిస్తే హీట్ అలారం పెట్టండి. అది పొగను పట్టించుకోదు, వేడి 135 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరికి చేరితే మోగుతుంది. గ్యారేజీకి కూడా అదే సరైనది. మిగతావాటితో కలిసి మోగేలా అదే కంపెనీది తీసుకోవాలి.

ఇక్కడ పొయ్యి మీద పొగ లాగే హుడ్ గురించి ఒక మాట. మైక్రోవేవ్ కింద ఉండే ఫ్యాన్ చాలా ఇళ్లలో గాలిని బయటికి పంపదు. పీల్చి, జల్లెడ పట్టి, మళ్లీ మీ మొహం మీదికే వదులుతుంది. పోపు పొగ హాల్లోకి నడిచి వెళ్లేది అందుకే. బయటికి పైపు ఉన్న హుడ్ ఉంటే నూనె కాగకముందే వేసుకోండి, పొగ లేచాక వేస్తే అప్పటికే సగం హాల్లో ఉంటుంది. అయితే బలమైన హుడ్‌తో ఇంకో తిరకాసు ఉంది, సీఓ దగ్గర చెబుతాను.

హోమాలూ సాంబ్రాణీ గురించి మీరు అడగలేదు, కానీ సంక్రాంతికి అమ్మగారు వస్తున్నారు కాబట్టి రాస్తున్నాను. గృహప్రవేశానికీ, వ్రతానికీ అలారాలకు ప్లాస్టిక్ సంచి కట్టడం మనకు అలవాటు. నేనూ కట్టాను. మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం రోజున హాల్లో అలారానికి షవర్ క్యాప్ తొడిగి, మూడు నెలల తర్వాత బల్బు మార్చడానికి నిచ్చెనెక్కి చూసుకుని సిగ్గుపడ్డాను. ఊళ్లో జనానికి అలారాల మీద పాఠాలు చెప్పేది నేనే మరి. ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాను. తొడుగు వేసిన వెంటనే దేవుడి గదిలో హారతి పళ్లెం కింద ఒక చీటీ పెడతాను. పళ్లెం కడిగేటప్పుడు చీటీ కనబడుతుంది, తొడుగు తీస్తాను. హోమమైతే పెరట్లోనో, డెక్ మీదో చేయించుకుంటే అసలు గొడవే లేదు, కానీ జనవరిలో పంతులుగారు ఒప్పుకోవాలిగా. కొత్త ఇల్లు కొన్నవాళ్లు ఇంకోటి చూసుకోండి: బిల్డర్లు పెయింటు పడకుండా తొడిగిన రంగు ప్లాస్టిక్ మూతలు అలాగే ఉండిపోయిన ఇళ్లు నేను చాలా చూశాను.

ఇక కార్బన్ మోనాక్సైడ్. "నిజంగా అవసరమా" అన్నారు. న్యూజెర్సీలో అడగాల్సిన ప్రశ్నే కాదు, చట్టమే అడుగుతుంది: పడకగదులకు పదడుగుల లోపల ఉండాలి. మీరు కొన్నప్పుడు అమ్మినవాళ్లు ఇల్లు అమ్మడానికి కావాల్సిన టౌన్ సర్టిఫికెట్ కోసం మేడ మీద పడకగదుల బయటి వసారాలో ఒకటి తగిలించే ఉంటారు. దాని వీపు కూడా చూడండి. ఆ రోజుల్లో వచ్చినవాటిలో చాలావాటి ఆయుష్షు 5 నుంచి 7 ఏళ్లే. 2016లో తయారై, 7 ఏళ్లని రాసి ఉంటే అది 2023లోనే పోయింది. లోపల ఉండేది రసాయన సెన్సర్, వాడినా వాడకున్నా ఎండిపోతుంది. కొత్తవాటిలో పదేళ్లవి దొరుకుతున్నాయి.

ఈ గ్యాసుకు రంగు లేదు, వాసన లేదు. వంటగ్యాసుకు కలిపే కుళ్లిన వాసన దీనికి ఉండదు, ఎందుకంటే ఇది లీకైన గ్యాసు కాదు, సరిగా కాలని గ్యాసు. ఇల్లు వేడిచేసే ఫర్నేసు, వాటర్ హీటర్, కారు, జనరేటర్, బొగ్గుల కుంపటి, ఏది కాలినా గాలి చాలకపోతే పుడుతుంది. రక్తంలో హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్‌కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. అగ్నిప్రమాదాలతో సంబంధం లేకుండా, కేవలం ఇలా ప్రమాదవశాత్తు ఈ దేశంలో ఏటా 400 మందికి పైగా పోతున్నారని ఇక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుపానుకు కరెంటు పోయినప్పుడు చలి తట్టుకోలేక గ్యారేజీల్లో కార్లు నడుపుకుని, ఇళ్లలో బొగ్గుల గ్రిల్లులు వెలిగించుకుని ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు తిరిగి రాలేదు.

మనవాళ్ల ఇళ్లలో నేను ప్రత్యేకంగా చూసే దారులు కొన్ని ఉన్నాయి. మొదటిది పిండివంటలు. లోపల నూనె వాసన వద్దని ప్రొపేన్ బర్నర్‌ను గ్యారేజీలో పెట్టి అరిసెలూ చక్కిలాలూ వండుతారు. వేసవిలో తలుపు పూర్తిగా ఎత్తుతారు, జనవరిలో చలికి మోకాలి ఎత్తున వదులుతారు. ఒక ఇంట్లో ఇలాగే ఒక మధ్యాహ్నమంతా వండారు. ఇంట్లోకి తెరుచుకునే తలుపు వస్తూ పోతూ ఉండేవాళ్లతో తెరిచే ఉంది. మేడ మీద సీఓ అలారం నాలుగేసి సార్లు మోగితే బ్యాటరీ అయిపోయిందనుకుని విప్పేశారు. సాయంత్రానికి ఇద్దరు పిల్లలకు తలనొప్పి, వాంతులు. అరిసెల నూనె పడలేదనుకున్నారు. నా దగ్గరికి ఫోన్ వచ్చింది అలారం బాగుచేయమని! ఫైర్ డిపార్ట్‌మెంటుకు ఫోన్ చేయించి అందర్నీ బయటికి పంపాను. పిల్లలు బాగానే ఉన్నారు. బర్నర్ డెక్ మీద, ఇంటి తలుపులకూ కిటికీలకూ దూరంగా ఉండాలి, గ్యారేజీ తలుపు ఎంత తెరిచినా గ్యారేజీ బయట కాదు. జనరేటరైతే ఇంటికి కనీసం ఇరవై అడుగుల దూరం.

రెండోది ఇందాక చెప్తానన్న హుడ్. బేస్‌మెంటులో పాత రకం వాటర్ హీటర్ ఉంటే దాని పొగ తనంతట తాను చిమ్నీలోకి పైకి పోవాలి, దాన్ని నెట్టే ఫ్యాన్ ఉండదు. చలికాలం కిటికీలన్నీ బిగించి, పెద్ద హుడ్ ఫుల్లుగా వేసి, పక్కన డ్రయ్యర్ కూడా తిరుగుతుంటే ఇల్లు బయటి గాలి కోసం ఆవురావురుమంటుంది. ఎక్కడా దొరక్కపోతే చిమ్నీలోంచే వెనక్కి లాక్కుంటుంది. పైకి పోవాల్సిన పొగ బేస్‌మెంటులోకి దిగుతుంది. మీ అమ్మానాన్నలు పడుకోబోయేది అక్కడే. హీటర్ నెత్తిన ఉండే లోహపు గొడుగు దగ్గర ఒక అగరుబత్తి పట్టుకుని, హుడ్, డ్రయ్యర్, బాత్‌రూమ్ ఫ్యాన్లు అన్నీ వేసి చూడండి. హీటర్ మండడం మొదలై కొద్ది నిమిషాలయ్యాక కూడా అగరు పొగ లోపలికి పోకుండా బయటికి తిరిగితే ఆ రోజే మనిషిని పిలవండి. వంట చేసేటప్పుడు ఒక కిటికీ రెండంగుళాలు తెరిచి ఉంచడం చాలావరకు కాపాడుతుంది.

మిగతావి త్వరగా చెబుతాను: తెల్లటి ప్లాస్టిక్ పైపుల్లో పొగ గోడలోంచి బయటికి పోయే ఫర్నేసైతే మంచు పడ్డ రోజు ఆ పైపుల మూతి తవ్వి చూడాలి. రిమోట్ స్టార్టుతో కారును గ్యారేజీలోనే వేడి చేయకూడదు. తాళంచెవి లేని కార్లను ఇంజిన్ ఆపకుండా వదిలేసి లోపలికి వెళ్లిపోయినవాళ్ల కథలు ఈ దేశంలో చాలానే ఉన్నాయి.

సీఓ అలారాన్ని నేల దగ్గర పెట్టాలని మీకెవరో చెప్పారన్నారు. అది మన ఊరి ఎల్‌పీజీ లెక్క. ఎల్‌పీజీ గాలికంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. న్యూజెర్సీలో పైపులో వచ్చేది మీథేన్, అది పైకి లేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ దాదాపు గాలితో సమానమైన బరువు, అన్నివైపులా కలిసిపోతుంది. ఎక్కడైనా పెట్టండి, పరదా వెనకా మంచం కిందా తప్ప. ఫర్నేసు పక్కనే కూడా వద్దు, వెలిగేటప్పుడు వచ్చే కొంచానికి ఊరికే మోగుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ అలారాల ప్రమాణం యూఎల్ 2034 ప్రకారం గాలిలో 70 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 70 పాళ్ల సీఓ) ఉంటే గంట నుంచి నాలుగు గంటల లోపల మోగాలి. 400 పీపీఎం ఉంటే నాలుగు నుంచి పదిహేను నిమిషాల్లో మోగాలి. 30 పీపీఎం దగ్గర ముప్పై రోజుల దాకా మోగకూడదు. అంటే తక్కువ మోతాదులో రోజూ వచ్చేది దానికి వినబడదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల ప్రాణం కాపాడటానికి రాసిన లెక్క ఇది. గుండెజబ్బు ఉన్న పెద్దలకూ, గర్భిణులకూ, చంటిపిల్లలకూ ఇది చాలదు. అందుకని బేస్‌మెంటుకు మాత్రం అంకెలు చూపించేది, ఎప్పుడైనా ఎంతదాకా పెరిగిందో గుర్తుపెట్టుకునేది ఒకటి తీసుకోండి. వారానికోసారి ఆ గుర్తుపెట్టుకున్న అంకె చూపించే బటన్ నొక్కి చూస్తే చాలు. సున్నా కాకుండా ఇంకేమైనా పదేపదే కనబడితే కారణం వెతకాలి.

అమ్మానాన్నల విషయంలో నాకున్న అసలు భయం జెట్‌లాగ్. ఊరినుంచి దిగిన వారంలో తలనొప్పి, వికారం, నీరసం ఉంటే ప్రయాణ బడలిక అంటాం, చలి పడలేదంటాం. కార్బన్ మోనాక్సైడ్ లక్షణాలు కూడా సరిగ్గా అవే, జ్వరం మాత్రం రాదు. ఒక గుర్తు పట్టుకోండి: గుడికో, షాపింగుకో వెళ్తే తేలికపడి, ఇంటికొచ్చి రెండు గంటలయ్యాక మళ్లీ తల పట్టేస్తుంటే, ఇద్దరికీ ఒకేసారి వస్తుంటే, గాలిని అనుమానించండి. కోవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ వేలికి పెట్టి 98 వచ్చిందని ఊరుకోవద్దు. ఆ పరికరం ఆక్సిజన్ పట్టుకున్న రక్తానికీ ఈ విషవాయువు పట్టుకున్న రక్తానికీ తేడా తెలుసుకోలేదు. ఆసుపత్రిలో వేరే రక్తపరీక్ష చేస్తారు, సీఓ అనుమానమని మీరే నోరు తెరిచి చెప్పాలి.

వాళ్లకు నేర్పాల్సినది ఒక్కటే పాట. మూడు కూతలు, ఆగడం, మళ్లీ మూడు: పొగ. నాలుగు కూతలు, ఆగడం, మళ్లీ నాలుగు: గ్యాసు. అర నిమిషానికో నిమిషానికో ఒక్క కీచు: బ్యాటరీయో, గడువో. మొదటి రెంటికీ పని ఒకటే, చెప్పులు కూడా వెతక్కుండా బయటికి రావడం, అక్కడినుంచి 911కు ఫోన్ చేయడం. కిటికీలు తెరవడానికి లోపలే తిరగకండి. ఇంట్లో మాట్లాడే అలారాలు పెట్టినా అవి చాలావరకు ఇంగ్లిషులోనే మాట్లాడతాయి కాబట్టి, కూతల లెక్కే మేలు. నాన్నగారికి వినికిడి తక్కువన్నారు. మామూలు అలారం మోత సుమారు 3,100 హెర్ట్జ్, వయసుతో ముందు పోయేది ఆ సన్నని శబ్దాలే. 520 హెర్ట్జ్ లావు గొంతు అలారాలు దొరుకుతాయి, ఖరీదు ఎక్కువే గానీ ఆ గదికి అదే పెట్టండి. అన్నట్టు, ఆ బేస్‌మెంట్ గదికి మనిషి బయటికి ఎక్కి రాగలిగేంత కిటికీయో, నేరుగా బయటికి తెరుచుకునే తలుపో ఉందా? లేకపోతే అది పడకగది కాదు. ఉన్నన్నాళ్లూ వాళ్లను కిందంతస్తు గదిలోకి మార్చి, మీ ఆఫీసు బల్లను బేస్‌మెంటుకు దించండి.

ఇప్పుడు ఎన్ని కొనాలన్న లెక్క. ప్రతి పడకగదిలో ఒకటి, పడకగదుల బయట ఒకటి, ప్రతి అంతస్తులో ఒకటి, బేస్‌మెంటుతో సహా. మీ నాలుగు పడకగదులకు నాలుగు స్మోక్ అలారాలు, మేడ మీద వసారాలో, కింద హాల్లో, బేస్‌మెంట్ మెట్ల దగ్గర స్మోక్, సీఓ కలిసినవి మూడు, మొత్తం ఏడు. వైరుతో నడిచే స్మోక్ అలారం సుమారు 20 నుంచి 40 డాలర్లు, కలిసినది 40 నుంచి 70. బేస్‌మెంట్ సీఓ మీటర్, నాన్నగారి గదికి లావు గొంతుది విడిగా లెక్కవేసుకోండి. కొత్తగా వైరు లాగే పని లేకుండా ఏడు అలారాలు మార్చడానికి 1,800 అంటే నేనైతే ఇవ్వను. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పని కూడా కాదు. ఒక్కటి మాత్రం ముందు చూసుకోండి: మీ సీలింగు మీదివి సెక్యూరిటీ ప్యానెల్‌కు కట్టినవైతే ఇదంతా వేరే కథ. వాటికి సొంత గొంతు ఉండదు, ప్యానెలే మోగిస్తుంది. వాటిని మీరు ముట్టుకోవద్దు.

స్మార్ట్ అలారం కొననా అని కూడా అడిగారు. గూగుల్ తన స్మార్ట్ అలారం నెస్ట్ ప్రొటెక్ట్ తయారీ ఆపేస్తున్నట్టు 2025 మార్చిలో ప్రకటించింది. ఫోన్‌కు కబురు రావడం బాగానే ఉంటుంది, మీరు ఆఫీసులో ఉండి అమ్మానాన్నలు ఇంట్లో ఉంటే మరీను. కానీ పదేళ్లు సీలింగు మీద ఉండాల్సిన వస్తువు, దాని యాప్ అన్నేళ్లు ఉంటుందా అన్నది నాకెప్పుడూ సందేహమే. డబ్బు ఉంటే ఒక్కటి, మేడ వసారాలో.

మీరే మార్చుకోదలిస్తే కష్టమేమీ కాదు, కానీ వైరింగ్ అంటే చేయి వణికే మనిషైతే వద్దు. అన్నీ ఒకే కంపెనీవి, ఒకేసారి మార్చండి. కంపెనీకో రకం ప్లగ్గు, కలిసి మోగించే సంకేతం కూడా వేరు. పాతవి ఏ కంపెనీవో అదే కంపెనీ కొత్త మోడల్ తీసుకుంటే చాలాసార్లు పాత ప్లగ్గే సరిపోతుంది, లేదంటే అడాప్టర్ ఇస్తారు. బ్రేకర్ ఆపి, టెస్టర్‌తో చూసి, అలారాన్ని అపసవ్యంగా తిప్పితే ఊడుతుంది. ప్లగ్గు మార్చాల్సి వస్తే నలుపు నలుపుకు, తెలుపు తెలుపుకు, ఎర్రదో నారింజదో ఉండే మూడో వైరు మూడోదానికి. విప్పే ముందు ఫోటో తీసుకోండి. ఆ మూడో వైరే ఒకదాని కేక ఇంకోదానికి చేరవేసేది, దాన్ని వదిలేస్తే ప్రతిదీ ఒంటరిగా మోగుతుంది. కొత్త అలారంతో వచ్చే పళ్లెం సీలింగుకు బిగించి, బ్యాటరీ కాగితపు తోక లాగి, బ్రేకర్ వేసి, బేస్‌మెంట్‌లోది నొక్కి మేడ మీద వినబడుతుందో లేదో ఇంకొకరిని నిలబెట్టి చూడండి. వీపు మీద మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో మార్చాల్సిన సంవత్సరం రాయండి. తర్వాత ఆర్నెల్లకోసారి వాక్యూమ్ గొట్టం చుట్టూ తిప్పితే చాలు. లోపల గూడు కట్టే చిన్న సాలీళ్లు ఊరికే మోగించడం నేను చాలాసార్లు చూశాను.

ఇక సొరుగులో అరుస్తున్నది. బ్యాటరీ తీసినా లోపల కాస్త కరెంటు దాచుకుని ఉంటుంది. టెస్ట్ బటన్ పదిహేను ఇరవై సెకన్లు అలాగే నొక్కి పట్టుకోండి, సన్నగా మూలిగి ఊరుకుంటుంది. అమెరీషియం ఉన్నదని భయపడి పగలగొట్టి చూడొద్దు, మూసి ఉన్నంతవరకు ప్రమాదమేమీ లేదు. మీ టౌన్ రీసైక్లింగ్ వాళ్లను అడిగి వాళ్లు చెప్పిన రోజున ఇచ్చేయండి. మేడ మీద ఖాళీగా ఉన్న ఆ పళ్లెం కింద పడుకునేది పిల్లలే కదా, కాబట్టి మిగతావి వచ్చేవారం కొన్నా, ఆ ఒక్కటీ ఈరోజే తెచ్చి పెట్టండి.